ఎవరి అప్పు, ఎవరి ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు అంటారు. ఈ రెండు పనులూ తలకెత్తుకుంటేగాని ఖర్చంటే ఏమిటో, కష్టమంటే ఏమిటో మనిషికి తెలిసిరాదని ఆ సామెత భావం. పిల్లలకు ఈ మాట చెబితే వారు వెంటనే అడుగుతారు: ఇక్కడ ఇల్లు ఎవరూ కట్టరు కదా, కొంటారు కదా అని. నిజమే. అమెరికాలో మనలో ఎక్కువమంది ఇల్లు కట్టరు, ముప్ఫై ఏళ్ల అప్పు మీద కొంటారు. అయినా సామెత పట్టు సడలలేదు. పెళ్లీ ఇల్లూ ఒకదానినొకటి పరీక్షించే ఘట్టం ఇక్కడా ఒకటి ఉంది. అదే బ్యాంకుకు పెట్టుకునే దరఖాస్తు.

దంపతులలో ఒకరికి మంచి క్రెడిట్ స్కోరు ఉండి, రెండవవారి స్కోరు బాగా తక్కువగా ఉందనుకుందాం. ఇంటి అప్పుకు ఇద్దరూ కలిసి దరఖాస్తు చేయాలా, స్కోరు బాగున్న ఒక్కరే చేయాలా? పైకి ఇది లెక్కల ప్రశ్న. కాని ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాగితాలు నింపే ఇద్దరికీ అది లెక్కతో ముగియదు. నీ అప్పు నా అప్పేనా? నీ పేరు పక్కన పెడితే నిన్ను పక్కన పెట్టినట్టా? ఈ ప్రశ్నల గురించే మేము ఇక్కడ ఆలోచించదలచుకున్నాము.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే లెక్క తెలియకుండా ధర్మం మాట్లాడటం సులభం, నిరుపయోగం. అప్పు ఇచ్చేవారు ఎక్కువగా చూసే ఫైకో స్కోరు 300 నుంచి 850 వరకు ఉంటుంది. అందరికీ వర్తించేలా ఆ పద్ధతి వాడుకలోకి వచ్చింది 1989లో. అందులో 35 శాతం బరువు, పాత బాకీలు వేళకు కట్టామా లేదా అన్నదానికే. మరో 30 శాతం, ఉన్న పరిమితిలో ఎంత వాడుకున్నామన్నదానికి. పెళ్లయినంత మాత్రాన ఇద్దరి స్కోర్లు కలిసిపోవు. ఈ దేశంలో దంపతుల స్కోరు అనేదే లేదు, ఎవరిది వారిదే. కాని ఇద్దరూ కలిసి ఇంటి అప్పు అడిగితే, ఒక్కొక్కరికీ మూడు సంస్థలు ఇచ్చే మూడు స్కోర్లలో మధ్యదానిని తీసుకుని, ఆ రెండింటిలో తక్కువదానిని బట్టి వడ్డీ నిర్ణయించడం చాలాకాలంగా వస్తున్న వాడుక. అంటే ఒకరికి 780, రెండవవారికి 640 ఉంటే, వడ్డీ విషయంలో ఆ ఇంటి స్కోరు 640 అన్నమాట.

దీని ఫలితం చిన్నది కాదు. 4 లక్షల డాలర్ల అప్పును 30 ఏళ్లలో తీర్చేలా 6.5 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు సుమారు 2,528 డాలర్లు కట్టాలి. అదే అప్పు 7.25 శాతానికి అయితే సుమారు 2,729. నెలకు 200 డాలర్ల తేడా, మొత్తం మీద 72 వేలకు పైగా. పిల్లల చదువుకు దాచుకోవలసిన సొమ్ము అది. అలాగని ఒకరి పేరు తీసివేయడం ఊరికే వచ్చే లాభం కాదు. స్కోరుతో పాటు వారి జీతమూ దరఖాస్తు బయటే ఉండిపోతుంది, అప్పు ఇచ్చే మొత్తం తగ్గుతుంది. కొందరికి ఎఫ్‌హెచ్‌ఏ హామీ ఉన్న అప్పు దారి చూపుతుంది. అక్కడి నియమం ప్రకారం 580 స్కోరుంటే ఇంటి ధరలో 3.5 శాతం ముందు చెల్లించి, 500 నుంచి 579 వరకు ఉంటే 10 శాతం చెల్లించి అర్హత పొందవచ్చు, అయితే బ్యాంకులు తమ వంతుగా ఇంకా గట్టి షరతులు పెడుతుంటాయి. ఉండే ఊరూ ముఖ్యమే. టెక్సస్, కాలిఫోర్నియా వంటి తొమ్మిది రాష్ట్రాలలో పెళ్లి తరువాత వచ్చిన ఆస్తిని, అప్పును సాధారణంగా ఇద్దరివిగా చూస్తారు. అక్కడ ఎఫ్‌హెచ్‌ఏ అప్పుకు ఒక్కరే దరఖాస్తు చేసినా, రెండవవారి బాకీలను కూడా లెక్కలోకి తీసుకుంటారు. డాలస్‌లో ఉన్న దంపతులకు ఒక లెక్క, ఎడిసన్‌లో ఉన్నవారికి మరొక లెక్క. ధర్మం రాష్ట్ర సరిహద్దు దగ్గర మారుతుందా అని ఎవరైనా అడిగితే మేము నవ్వి ఊరుకోవలసిందే.

ఇక మాట దగ్గరకు వద్దాం. క్రెడిట్ అన్న పదానికి తెలుగులో పరపతి అనే చక్కని మాట ఉంది. మన ఊళ్లలో రైతులకు అప్పులిచ్చే సహకార సంఘాన్ని పరపతి సంఘం అనే పిలుస్తారు. పరపతి అంటే డబ్బు కాదు, పదిమందిలో మన మాటకు ఉన్న విలువ. అలాగే 'అతనికి ఊళ్లో అప్పు పుట్టదు' అంటారు. పుట్టదు అన్న క్రియను గమనించండి. అప్పు దానంతట అది పుట్టదు, నమ్మకం అనే తల్లి కడుపున పుడుతుంది. ఆ తల్లి లేని చోట ఎంత బంగారం ఉన్నా అది తాకట్టు వ్యాపారమే అవుతుంది.

అప్పు తీసుకోవడమే అవమానం అనే భావం మనలో కొందరికి ఉంది. తిరుమల కథ తెలిసినవారు అలా అనలేరు. లక్ష్మీదేవి అలిగి వెళ్లిపోయిన తరువాత, పద్మావతిని పెళ్లాడటానికి శ్రీనివాసుడే కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, దాని వడ్డీ ఇప్పటికీ కడుతూనే ఉన్నాడని భక్తుల నమ్మకం. ఇంటి కోసం, పెళ్లి కోసం అప్పు చేయడం మన ఊహలో దేవుడికి కూడా తప్పని పని.

అయితే పాత ఊరి పరపతిని తలచుకుని మురిసిపోవలసిన పని లేదు. ఆ రోజుల్లో అప్పిచ్చేవాడు మనిషిని ఎరిగి ఇచ్చేవాడనేది సగం నిజం. మనిషితో పాటు అతని కులాన్ని, వంశాన్ని, భూమిని కూడా ఎరిగే ఇచ్చేవాడు. ప్రోనోటు మీద సంతకం మగవాడిది, తాకట్టుకు వెళ్లే గొలుసు ఆడదానిది. ఆమెను అడిగారా లేదా అన్నది ఎవరూ రాసిపెట్టలేదు. అమెరికాలో కూడా పెళ్లయిన స్త్రీ అప్పు అడిగితే భర్త సంతకం తెమ్మనడం ఒకప్పుడు మామూలు. 1974లో వచ్చిన సమాన పరపతి అవకాశ చట్టం ఆ పరిస్థితిని మార్చింది. స్త్రీ అయినందుకు, పెళ్లయినందుకు లేక కానందుకు అప్పు నిరాకరించడం చట్టవిరుద్ధమైంది. కాబట్టి 'ఎవరి స్కోరు వారిదే' అన్న నియమాన్ని దాంపత్యానికి అవమానంగా చూడటం సరికాదని మా అభిప్రాయం. ఒక మనిషి ఆర్థిక చరిత్ర ఆ మనిషిదే అని ఒప్పుకోవడంలో ఒక గౌరవం ఉంది. ఆ గౌరవం కోసం కొందరు పోరాడవలసి వచ్చింది.

ఆశ్చర్యం ఏమిటంటే మన ధర్మశాస్త్రం కూడా ఇంచుమించు అక్కడినుంచే మొదలవుతుంది. యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారాధ్యాయం అని ఒక భాగం ఉంది. లావాదేవీలు, తగవులు, తీర్పులు అన్నీ అందులోనివే. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే వ్యాఖ్య దేశంలో చాలా ప్రాంతాలలో ప్రమాణమైంది. పదమూడవ శతాబ్దిలో తిక్కన శిష్యుడైన కేతన దానిని విజ్ఞానేశ్వరీయము పేరుతో తెలుగులోకి తెచ్చాడు. అంటే అప్పులు, తగవులు అనే విషయాలను తెలుగులో పద్యాలుగా చదువుకునే వీలు మన పూర్వులకు ఏడువందల ఏళ్ల క్రితమే ఉంది. ఆ స్మృతి ఋణాల గురించి చెప్పే నియమం సూటిగా ఉంటుంది: భర్త చేసిన అప్పును భార్య తీర్చనక్కరలేదు, భార్య చేసినదానిని భర్త తీర్చనక్కరలేదు, కొడుకు చేసినదానిని తండ్రి తీర్చనక్కరలేదు. ఇంతవరకు వింటే నేటి అమెరికా బ్యాంకు మాట్లాడినట్టే ఉంది. కాని అందులో ఒక మినహాయింపు ఉంది. కుటుంబం కోసం చేసిన అప్పు అయితే ఆ నియమం వర్తించదు.

కుటుంబార్థం అనే ఈ ఒక్క మాటలో మా వ్యాసం మొత్తం ఉంది. అప్పు ఎవరి పేరుమీద ఉందన్నది మొదటి ప్రశ్న కాదు, ఎందుకు పుట్టిందన్నది మొదటి ప్రశ్న. ఆ స్మృతే మరో చోట, తండ్రి తాగుడుకు, జూదానికి చేసిన అప్పును కొడుకు తీర్చనక్కరలేదని కూడా అంటుంది. అంటే అప్పులన్నీ ఒకే రకానివి కావని, వాటికీ ఒక స్వభావం ఉంటుందని ఆనాటివారు గుర్తించారు.

స్కోరుకు ఆ తేడా తెలియదు. గుంటూరులో తండ్రికి ఆపరేషన్ జరుగుతున్నప్పుడు మూడు కార్డులు నిండా వాడి డబ్బు పంపి, ఆ తరువాత ఉద్యోగం పోయి నాలుగు నెలలు వాయిదా కట్టలేకపోయిన భర్తను ఊహించుకోండి. సరదా కొనుగోళ్లకు అదే మొత్తం ఖర్చుపెట్టి, బద్ధకించి కట్టని మరొక వ్యక్తిని కూడా ఊహించుకోండి. ఇద్దరి నివేదికలోనూ ఒకే గీత పడుతుంది, ఏడేళ్లు ఉంటుంది. ఇది బ్యాంకు క్రూరత్వం కాదు. తనకు తెలియని లక్షలమందికి అప్పిచ్చే సంస్థ ఒక్కొక్కరి కథ వినలేదు. అయితే ఆ సంస్థలు కూడా ఈమధ్య కొంత మెత్తబడ్డాయి. 2022, 2023లలో మూడు పెద్ద నివేదిక సంస్థలు తీర్చివేసిన ఆసుపత్రి బాకీలను, 500 డాలర్ల లోపు ఆసుపత్రి బాకీలను తమ నివేదికలనుంచి తొలగించాయి. జబ్బు పడటం నడవడికకు సాక్ష్యం కాదని లెక్కల లోకం కాస్త ఆలస్యంగానైనా ఒప్పుకుంది.

బ్యాంకు వినలేని కథను ఇంట్లోవారు వినగలరు. అందుకే బ్యాంకు భాషను ఇంట్లోకి తేవడం తప్పంటాము. 'నీ స్కోరు వల్లనే కదా' అన్న మాట మేము చాలా ఇళ్లలో విన్నాము, ఒక్కోసారి అతిథుల ముందే, నవ్వుతూనే. ఆ ఆపరేషన్ డబ్బు వెళ్లినప్పుడు ఇద్దరూ కలిసే నిర్ణయించి ఉంటే, కార్డు మీద ఒకరి పేరు ఉండటం కేవలం యాదృచ్ఛికం. అది ఇద్దరి అప్పు. ఒకరి పేరు దానిని మోసింది, అంతే.

స్కోరు తక్కువ ఉన్నవారి సంగతి ఇలా ఉంటే, అసలు స్కోరే లేనివారి సంగతి మరొకటి. హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యలలో అత్యధికులకు 2015 వరకు ఇక్కడ పనిచేసే అనుమతి లేదు, దానితో సోషల్ సెక్యూరిటీ నంబరూ లేదు. ఆ తరువాత కూడా ఆ అనుమతి అందరికీ రాలేదు. పదేళ్లు ఇంటిని నడిపి, ఏ నెలా జీతం దాటకుండా చూసి, ముందు చెల్లింపుకు కావలసిన సొమ్ము కూడబెట్టిన గృహిణికి బ్యాంకు దృష్టిలో చరిత్రే ఉండదు. అప్పు చేయకుండా బతికినందుకు ఆమెకు పరపతి లేదు! పొదుపును కొలిచే సంఖ్యను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఇటువంటి ఇళ్లలో, చట్టం అనుమతించిన చోట, భర్త కార్డు మీద ఆమెను అధీకృత వాడకందారుగా చేర్చడం ఒక పాత ఉపాయం. అది సౌకర్యం కోసం మాత్రమే కాదు, చేసిన పనికి గుర్తింపు కోసం కూడా.

మూడవ రకం ఒకటి ఉంది, అది చేదైనది. దరఖాస్తు నింపే రోజున బయటపడే అప్పు. భాగస్వామికి చెప్పకుండా ఆప్షన్ల ట్రేడింగులో పోగొట్టుకున్నది, బంధువుకు రహస్యంగా హామీ ఉన్నది, కనబడకుండా దాచిన కార్డు. నివేదిక తెరమీద కనిపించేవరకు రెండవవారికి తెలియదు. ఇక్కడ కుటుంబార్థం అనే కవచం పనిచేయదు. అయితే అసలు దోషం ఎక్కడ ఉందో సరిగా చూడాలి. 590 అన్న అంకెలో కాదు, తెలియనివ్వకపోవడంలో ఉంది. అప్పును కొన్నేళ్లలో తీర్చవచ్చు, స్కోరును రెండు మూడేళ్ల క్రమశిక్షణతో చాలావరకు పైకి తేవచ్చు. దాచినది తెలిసినప్పుడు పోయే నమ్మకానికి అటువంటి పట్టిక లేదు. అటువంటి భాగస్వామి అప్పుకు సంతకం చేయనని రెండవవారు అంటే, వారిని స్వార్థపరులనడానికి మేము సిద్ధంగా లేము.

ఇక్కడ కొందరు పెద్దలు హరిశ్చంద్రుడి కథ గుర్తుచేస్తారు. విశ్వామిత్రుడి బాకీ తీర్చడానికి హరిశ్చంద్రుడు కాశీలో భార్యను, కొడుకును అమ్మిన కథ. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం పుణ్యమా అని మన తాతల తరంలో కాటిసీను చూసి ఏడవనివారు లేరు. భర్త మాట నిలబెట్టడానికి చంద్రమతి అమ్ముడుపోలేదా, మీరు ఒక సంతకం పెట్టలేరా అని ఆ పెద్దల వాదం. ఈ వాదంతో మేము ఏకీభవించము. చంద్రమతి భర్త అప్పు ఎలా పుట్టిందో పూర్తిగా ఎరుగును. అది ఇచ్చిన మాట వల్ల పుట్టిందని ఎరుగును. అన్నీ తెలిసి తనంతట తాను ముందుకు వచ్చింది. తెలియకుండా మోయించిన బరువును త్యాగం అని పిలవడం చంద్రమతికే అన్యాయం.

బ్యాంకుతో చెప్పే మాట విషయంలో కూడా ఒక మాట. ఒకరి జీతం లెక్కలోకి రానప్పుడు ముందు చెల్లింపు పెంచవలసి వస్తుంది, అప్పుడు ఇండియానుంచి అమ్మానాన్నలు డబ్బు పంపుతారు. అది తిరిగి ఇవ్వనక్కరలేని కానుక అని వారి సంతకంతో ఉత్తరం కావాలంటుంది బ్యాంకు. చాలా ఇళ్లలో అది కానుక కాదు. చెల్లెలి పెళ్లికి తిరిగి పంపాలన్న ఒప్పందం నోటిమాటగా ఉంటుంది. అందరూ చేసేదే కదా అని సంతకాలు జరిగిపోతాయి. అప్పు దరఖాస్తులో తెలిసి అబద్ధం చెప్పడం ఈ దేశంలో ఫెడరల్ నేరమన్న సంగతి అలా ఉంచి, విడ్డూరం చూడండి: భాగస్వామి పరపతి బాగాలేదని పక్కన పెట్టి, ఆ ఖాళీని నింపడానికి మనమే మాట తప్పుతున్నాము. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని చెబుతుంది, ఋషులకు, దేవతలకు, పితృదేవతలకు. తల్లిదండ్రుల డబ్బు అప్పో కానుకో తేల్చడం మన సంప్రదాయంలో ఎప్పుడూ కష్టమే. కష్టమైనంత మాత్రాన ఆ కాగితం మీద ఏదో ఒకటి రాయవచ్చని కాదు. తిరిగి ఇవ్వవలసినదైతే అప్పుగానే చూపి, ఇల్లు కాస్త చిన్నది చూసుకోవడం మేలు.

ఇప్పుడు అసలు నిర్ణయం. లెక్క ఒకే పేరు మంచిదని చెబితే ఒకే పేరుతో దరఖాస్తు చేయడంలో తప్పు లేదు. 72 వేల డాలర్లు వడ్డీగా పోయడం దాంపత్య ధర్మం కాదు. కాని రెండు కాగితాలు వేరని తెలుసుకోవాలి. ఒకటి అప్పు పత్రం, అంటే మన ప్రోనోటు వంటిది. రెండవది డీడ్, ఇల్లు ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం. అప్పు పత్రంలో పేరు లేనివారు కూడా యాజమాన్య పత్రంలో ఉండవచ్చు. ఈ సంగతి తెలియక, లేదా అడగడానికి మొహమాటపడి, రెండింటిలోనూ ఒకే పేరు రాయించుకున్న ఇళ్లు మన మధ్య ఉన్నాయి. మా దృష్టిలో ధర్మప్రశ్న తేలేది ఇక్కడే. కుటుంబం కోసం చేసిన అప్పు ఒకరి పరపతిని తిన్నప్పుడు, అదే కారణం చూపి ఇంట్లో వారి భాగాన్ని కూడా తీసివేస్తే, ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష వేసినట్టు, అదీ తప్పు కానిదానికి.

మరోవైపూ చూడాలి. అప్పు పత్రం మీద ఒంటరిగా సంతకం చేసినవారి భారం తక్కువది కాదు. ఉద్యోగం పోయినా, కాపురం చెడినా, బ్యాంకు వెతుక్కుంటూ వచ్చేది వారినే. అప్పులో లేకుండా యాజమాన్యంలో ఉన్నవారికి ఆ భయం లేదు. కాబట్టి రెండు పేర్లు యాజమాన్య పత్రంలో రాయించడం ఉదారంగా ఇచ్చే బహుమానం కాదు, రెండవవారు నెలనెలా తమ వంతు మోస్తారన్న ఒప్పందానికి మొదటి భాగం. ఆ ఒప్పందం నోటితోనైనా స్పష్టంగా జరగాలి. ఎవరి జీతంనుంచి ఎంత, పాత బాకీలు ఏ వరుసలో, ఎప్పటికి. ప్రేమ ఉన్న ఇంట్లో ఈ లెక్కలెందుకని అనేవారిని మేము కొంచెం అనుమానంగా చూస్తాము.

గృహప్రవేశం నాడు పురోహితులు సంకల్పంలో గోత్రం అడుగుతారు, ఇద్దరి పేర్లూ అడుగుతారు. పీటల మీద ఇద్దరూ కూర్చోవలసిందే. కొంగుముడి వేసుకుని పాలు పొంగించే ఇద్దరిలో ఒకరికి ఆ ఇంటి కాగితాలలో ఎక్కడా చోటు లేకపోతే, వారు పైకి ఏమీ అనకపోవచ్చు.

స్కోరు పెరిగాక మళ్లీ ఇద్దరి పేర్ల మీద అప్పు తీసుకుందామని చాలామంది అనుకుంటారు. అది జరగకపోవచ్చు. 2020, 2021లలో 3 శాతం చుట్టూ వడ్డీకి అప్పు దొరికినవారు దానిని వదులుకుని అంతకు రెట్టింపు వడ్డీకి కొత్త అప్పు ఎందుకు తీసుకుంటారు? ఆ అప్పు పత్రంలో రెండవ పేరు ఇక చేరదు. యాజమాన్య పత్రం సంగతి అలా కాదు. తాము ఉంటున్న ఇంటిలో జీవిత భాగస్వామికి యాజమాన్యం ఇచ్చినందుకు అప్పు మొత్తం ఒక్కసారే కట్టమని బ్యాంకు అడగరాదని 1982 నాటి గార్న్–సెయింట్ జర్మైన్ చట్టం చెబుతుంది. న్యాయవాది చేత ఒక డీడ్ రాయించి, నోటరీ ముందు సంతకం చేసి, కౌంటీ కార్యాలయంలో నమోదు చేయిస్తే సరిపోతుంది. ఇల్లు కొని ఐదేళ్లయినా, పదిహేనేళ్లయినా ఆ పని చేయవచ్చు.